వద్దనొచ్చు

పొద్దుటి షిఫ్టు మొదలై కాసేపయింది. పరికరాల గది కిటికీ ముందు వరుస పలచబడింది. రేణుక చివరి పానా ఇచ్చి, అది ఉండే మేకుకు తీసుకున్నవాడి ఇత్తడి టోకెన్ తగిలిస్తుండగా ఆఫీసు బంట్రోతు వచ్చాడు.

"దీదీ, పైకి రావాలట. సాహబ్ పిలుస్తున్నాడు," అన్నాడు హిందీలో.

రేణుక పాత గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకుంది. ఎంత తుడిచినా గోళ్ల సందుల్లో నలుపు అలాగే ఉంది. గదికి తాళం వేసి షెడ్డులోంచి నడిచింది. ఇనుప ఖనిజం మోసే వ్యాగన్లను బాగుచేసే షెడ్డు అది. రాష్ట్ర సరిహద్దు అవతల, గీదం ఊరు దాటాక రైలు పట్టాల పక్కనే ఉంటుంది. ఒకప్పుడు జాకీల మీద లేపిన వ్యాగన్ల మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది. కొత్త రకం వ్యాగన్లు వచ్చాక వాటి మరమ్మతు వేరే రాష్ట్రంలోని షెడ్డుకు పోయింది. ఇప్పుడు వ్యాగన్ల కిందికి దిగి పనిచేసే గుంటల్లో సగం ఖాళీ. ఒక గుంటలో వాన నీళ్లు నిలిచి, నూనె తేలుతోంది.

సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి శ్రీరంగం విజయనగరం మనిషి. ఏడాది క్రితం బదిలీ మీద వచ్చాడు. షెడ్డులో తెలుగు మాట్లాడేవాళ్లు తక్కువ. అందుకని ఏ పనీ లేకపోయినా అప్పుడప్పుడూ కిటికీ దగ్గరికి వచ్చి నాలుగు మాటలు మాట్లాడి పోయేవాడు. ఒకసారి గోంగూర దొరుకుతుందా అని అడిగితే రేణుక వాళ్ల పెరట్లోది కోసి తెచ్చిచ్చింది.

"కూర్చో రేణుకా," అన్నాడు.

ఆమె కుర్చీ అంచు మీద కూర్చుంది.

"స్వచ్ఛంద విరమణ అని కంపెనీ ఒక పథకం తెచ్చింది. ఎవరంతట వాళ్లు ఉద్యోగం వదులుకోవడం. డబ్బు ఒకేసారి చేతికిస్తారు. మిగతావాళ్ల సంగతి నేను చూసుకుంటాను. ఈ షెడ్డు కోసం భూములిచ్చి ఉద్యోగాల్లో చేరినవాళ్లతోనే చిక్కు. రేపు మాకు అర్థం కాలేదంటే కోర్టు దాకా పోతుంది. అందుకని వాళ్ల భాషలోనే చెప్పించమన్నారు. చెప్పినవాళ్లు సాక్షి సంతకం పెట్టాలి. నీకు గోండి వచ్చు కదా?"

"వస్తది సార్. మా ఆవపల్లి దిక్కు మాటకు, ఇక్కడి మాటకు జర ఫరక్ ఉంటది. అయినా అర్థమైతది."

"చాలు." అతను కాగితాలు సర్దుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు. "నీ పేరు ఏ జాబితాలోకీ ఎక్కకుండా చూస్తున్నాను. అది నీకు వేరే చెప్పక్కర్లేదనుకో."

చెప్పక్కర్లేనిది ఎందుకు చెప్పాడో రేణుకకు అర్థమైంది. కూతురు దీప జగ్దల్‌పూర్‌లో నర్సింగ్ చదువుతోంది. ఇంకా రెండేళ్లుంది.

మొదట సన్న అనే అతను వచ్చాడు. బ్రేకుల దగ్గర పనిచేసే మనిషి. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. శ్రీరంగం హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. పని తగ్గిపోయింది. ఈ షెడ్డు ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు. ఉండిపోయినవాళ్లను ఏ దూరానికైనా పంపవచ్చు. ఇప్పుడు తీసుకుంటే డబ్బు వస్తుంది, రేపటికి ఈ పథకం ఉండదు. ఇదంతా సన్న ముఖంలోకి చూస్తూ చెప్పాడు. చివరి వాక్యం మాత్రం కాగితంలోకి చూసి చదివాడు. ఇందులో బలవంతం లేదు, వద్దనుకున్నవాళ్లు వద్దనొచ్చు.

రేణుక అంతా గోండిలో చెప్పింది. స్వచ్ఛందం అనే మాటకు ఆమెకు గోండిలో సరైన మాట దొరకలేదు. నీ మనసుకు నచ్చితేనే అని చెప్పింది. చివరి వాక్యం దగ్గర సన్న తల ఎత్తాడు.

"వద్దనొచ్చా?"

"అనొచ్చు."

"అంటే ఏమైతది?"

ఆ ప్రశ్న హిందీలోకి వెళ్లింది. జవాబు గోండిలోకి వచ్చింది. జవాబులోంచి ఇంకో ప్రశ్న పుట్టింది. దూరం అంటే ఎంత దూరం, ఇల్లు ఇస్తారా, పిల్లలను అక్కడి బడిలో చేర్చుకుంటారా. శ్రీరంగం రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఎంతోసేపటికి సన్న సంతకం పెట్టి, టోపీ తలమీద పెట్టుకుని వెళ్లిపోయాడు.

"ఆ చివరి మాట అంత నొక్కి చెప్పక్కర్లేదమ్మా," అన్నాడు శ్రీరంగం. "అది నేను హిందీలో చదువుతున్నాను కదా, సరిపోతుంది. ఒక్కొక్కళ్లకీ ఇంతసేపైతే ఎప్పటికి తెములుతుంది?"

రేణుక తల ఊపింది.

తర్వాత వచ్చినవాడు మంగు. వ్యాగన్ల మీద నంబర్లు రాసేవాడు. వేళ్లకు ఎప్పుడూ తెల్లరంగు అంటుకుని ఉంటుంది. శ్రీరంగం చివరి వాక్యం చదివాడు. రేణుక దాని ముందు వాక్యం దగ్గరే ఆగిపోయింది. మంగు ఏ ప్రశ్నా వేయలేదు. ఎక్కడ పెట్టాలో చూపించమని, చూపించినచోట సంతకం పెట్టాడు. మంగు తర్వాత వచ్చినవాడికీ, ఆ తర్వాత వచ్చినవాడికీ కూడా ఆ మాట చెప్పలేదు. అప్పటికి అక్కడ ఆగడం అలవాటైంది.

మర్నాడు మాడ వంతు వచ్చింది.

షెడ్డులో అందరికంటే పెద్దవాడు మాడ. చక్రాల విభాగంలో పని. గేజు పెట్టి చక్రం అరుగుదల కొలుస్తాడు, సుత్తితో కొట్టి మోగే చప్పుడును బట్టి పగులుందో లేదో చెబుతాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. ఆఫీసులో కుర్చీ చూపించినా మొదట కూర్చోలేదు. రేణుక గోండిలో కూర్చోమన్నాక కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

శ్రీరంగం హిందీలో చెబుతున్నంతసేపూ తల వంచుకునే విన్నాడు. తర్వాత మెల్లగా రేణుక వైపు తిరిగాడు. ఆమె నిన్న చెప్పినట్టే చెప్పింది. నిన్న ఆగినచోటే ఆగింది.

"అంతేనా?" అన్నాడు మాడ గోండిలో.

"అంతే."

"సార్ ఇంకేం అనలేదా?"

రేణుక శ్రీరంగం వైపు చూసింది. అతను కలం మూత తీస్తున్నాడు.

"అనలే," అంది.

మాడ ఆమె ముఖంలోకి కొంచెంసేపు చూశాడు. "రేపు చెప్త," అని లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం పరికరాలు తిరిగొచ్చే వేళ. సుత్తులు, పానాలు, గొలుసులు ఒక్కొక్కటే కిటికీలోంచి లోపలికి వస్తుంటే రేణుక వాటిని తుడిచి మేకులకు తగిలించి, టోకెన్లు తీసి ఇచ్చేస్తోంది. మాడ వరుసలో అందరికంటే వెనక నిలబడ్డాడు. ముందున్నవాళ్లంతా పోయాక గేజునూ సుత్తినీ కిటికీ గట్టు మీద పెట్టాడు. టోకెన్లు తీసుకున్నాక కూడా కదల్లేదు.

"వద్దనుకుంటే వద్దనొచ్చని చెప్పిండు గదా సార్," అన్నాడు హిందీలో. "ఆ మాట నువ్వు చెప్పలే."

మాడ అంత సాఫుగా హిందీ మాట్లాడతాడని రేణుకకు ఇన్నేళ్లలో తెలియదు. చేతిలో ఉన్న గొలుసును ఎక్కడ తగిలించాలో ఒక్క క్షణం తోచలేదు.

"నీకు హిందీ అర్థమైతదా మాడన్నా?"

"ఇన్నేండ్లు హిందీ ఫోర్‌మన్ల చేతి కింద చేసిన. వాళ్ల తిట్లే అర్థమైతయి, సార్ మాట అర్థం కాదా?"

"మరి నన్నెందుకడిగినవ్, అంతేనా అని?"

"నువ్వెట్ల చెప్తవో విందామనుకున్న."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. అతను టోకెన్లు చొక్కా జేబులో వేసుకుని గేటు వైపు నడిచాడు. రేణుక కిటికీ మూయడం మరిచిపోయి అక్కడే నిలబడింది.

గేటు బయట రేణుక భర్త రామనర్సయ్య చాయ్ బండి పెట్టుకున్నాడు. షిఫ్టు వదిలాక బండి చుట్టూ మనుషులుండాల్సిన వేళ అది. ఇద్దరే ఉన్నారు. వాళ్లూ గ్లాసులు కింద పెట్టి వెళ్లిపోయాక, రేణుక జరిగింది చెప్పింది.

"నీకెందుకే ఆ లొల్లి?" అన్నాడు రామనర్సయ్య. "నువ్వు చెప్పకుంటే ఇంకోన్ని పిలుస్తరు. ఆడు చెప్తడు."

"వీళ్లందరు పోతే నీ చాయ్ ఎవరు తాగుతరు?"

అతను వడగట్టే గుడ్డను గట్టిగా పిండాడు. అందులో ఏమీ మిగల్లేదు. అయినా పిండుతూనే ఉన్నాడు.

"నీ నౌకరి ఉంటే పిల్ల చదువు నడుస్తది," అన్నాడు చివరికి. "చాయ్ సంగతి తర్వాత."

"ఆయనకు అన్నీ తెలుసు. తెలిసి కూసున్నడు నా ముందల. నేను అబద్ధం చెప్తుంటే నా మొకం చూసుకుంట కూసున్నడు."

రామనర్సయ్య స్టవ్ ఆపేశాడు. ఇద్దరూ కలిసి బండి మీద పట్టా కప్పి, నాలుగు మూలలా తాడు కట్టారు.

బుధవారం మాడ మళ్లీ ఆఫీసుకు వచ్చాడు. శ్రీరంగం ముందురోజు చెప్పిందే మళ్లీ చెప్పాడు. ఈసారి చివరి వాక్యం చదవనే లేదు. కాగితం తిప్పి మాడ ముందుకు జరిపాడు.

రేణుక గోండిలో మొత్తం చెప్పింది. ఆగలేదు. "ఇందులో బలవంతం లేదు. నీకు వద్దనిపిస్తే వద్దనొచ్చు. నిన్న నేను ఈ మాట చెప్పలే. ఈ రోజు చెప్తున్న."

మాడ కాగితం వైపు చూడలేదు.

"నేనొకటి చెప్త. సార్‌కు చెప్తవా?"

"చెప్త."

"ఇప్పుడు చక్రాల షెడ్డు ఉన్నకాడ నా చేను ఉండె. అది తీసుకున్ననాడు గూడ ఇట్లనే కూసోబెట్టిన్రు. మా మాటలో చెప్పెతందుకు ఒకన్ని తోలుకొచ్చిన్రు. మంచోడే. మీకు మంచే జరుగుతదని చెప్పిండు. మేం వేలిముద్రలేసినం. ఆడు చెప్పకుండ ఇడిసిపెట్టిన మాట ఏదన్న ఉండెనా అని నేను ఇప్పటికీ అనుకుంట. ఎవర్నడగాల్నో తెల్వది."

రేణుక హిందీలో చెప్పింది. ఒక్క మాట కూడా వదలలేదు. ఇడిసిపెట్టిన మాట అన్నదీ చెప్పింది. శ్రీరంగం కలంతో బల్ల మీద కొడుతూ విని, మధ్యలో కొట్టడం ఆపేశాడు.

మాడ లేచి నిలబడ్డాడు. "నాకొద్దు సాహబ్," అన్నాడు. హిందీలోనే, శ్రీరంగంతోనే. కుర్చీని బల్ల కిందికి జరిపి బయటికి వెళ్లాడు.

తలుపు మూసుకున్నాక శ్రీరంగం తెలుగులోకి వచ్చాడు.

"ఏం చెప్పావు అతనికి?"

"మీరు నిన్న చదివిన మాటే సార్."

"వాళ్లకి హిందీ రాదనుకుంటున్నావా? అంతా తెలుసు. ఇదంతా ఊరికే పద్ధతి కోసమమ్మా."

"ఊరికే అయితే నన్నెందుకు పిలిచిన్రు సార్?"

అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ల కింద చర్మం ఉబ్బి ఉంది. "నా మీద ఎంత ఒత్తిడుందో నీకు తెలీదు. ఇంతమందిని పంపకపోతే నన్నే పంపేస్తారు. సరే, అతని సంగతి వదిలెయ్. సంతకాలు చేసినవాళ్ల కాగితాలు ఇవి. సాక్షి దగ్గర నువ్వు పెట్టాలి."

రేణుక సన్న సంతకం చేసిన కాగితం తీసుకుని దాని మీద తన పేరు రాసింది. మిగిలినవాటిని చేత్తోనే వెనక్కి జరిపింది.

"మంగును మళ్ల పిలవండి. మిగిలినోళ్లను గూడ. వాళ్లకు నేను పూరా చెప్పలే. చెప్పినంక పెడ్త."

"చెప్పలేదని నువ్వంటే ఎలా? చెప్పొద్దన్నానా నేను?"

"అనలేదు సార్. నొక్కి చెప్పకన్నరు. నేనే ఇడిసిపెట్టిన."

బయట లైను మీద ఇంజను కూత వినిపించింది. శ్రీరంగం కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"పిలుస్తాను," అన్నాడు. "కానీ నీ పేరు విషయం ఇక నా చేతిలో లేదు రేణుకా."

"సరే సార్."

ఆమె మెట్ల మధ్యలో ఆగింది. రెయిలింగు పట్టుకుని నిలబడి, ఎవరూ చూడటం లేదని తెలుసుకున్నాక మళ్లీ దిగింది.

గురువారం మంగు వచ్చాడు. రంగు పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మోచేతి దాకా తెలుపు.

"మళ్ల ఎందుకు పిలిచిన్రక్కా?"

"మొన్న నేను నీకొక మాట చెప్పలే మంగూ. ఇది బలవంతం కాదు. వద్దనొచ్చు. సంతకం పెట్టినా సరే, ఇప్పుడు వెనక్కి తీసుకోవచ్చు."

వెనక్కి తీసుకోవచ్చన్నది శ్రీరంగం చెప్పలేదు. రేణుక అతని వైపు తిరిగి, తాను చెప్పింది హిందీలో కూడా చెప్పింది. అతను కాదనలేదు.

మంగు నేల చూస్తూ నవ్వాడు. సంతోషం లేని నవ్వు.

"మాడన్న వద్దన్నడు గదా," అన్నాడు గోండిలో. "నిన్న మధ్యాహ్నం నుంచి ఆయనను చక్రాల దగ్గరికి రానిస్తలేరు. పని చెప్తలేరు. ఇంటికి పోనిస్తలేరు. షెడ్డు నడిమిట్ల బెంచీ ఏసి కూసోబెట్టిన్రు. వచ్చేటోళ్లు పోయేటోళ్లు చూస్తున్నరు. వద్దనొచ్చని నువ్వు చెప్తున్నవ్. వద్దన్నోడెట్లుంటడో వాళ్లు చూపెట్టిన్రు."

రేణుక అతని కాగితాన్ని బల్ల మీద అతని వైపు జరిపింది.

"నాకు అట్ల కూసోవుడు చాతకాదక్కా. పెట్టిన సంతకం ఉండనీ."

"ఏమంటున్నాడు?" అన్నాడు శ్రీరంగం.

ఆమె చెప్పింది. బెంచీ సంగతి కూడా చెప్పింది. శ్రీరంగం తలుపు వైపు చూశాడు, తర్వాత కిటికీ వైపు చూశాడు. "అది ఫోర్‌మన్ల పని. నాకు తెలీదు," అన్నాడు తెలుగులో, మంగుకు అర్థం కాకుండా.

మంగు తర్వాత వచ్చినవాళ్లూ అదే అన్నారు, మాటలే వేరు. ఒకడైతే ఆమె వాక్యం పూర్తి చేయకముందే తెలుసు తెలుసు అన్నాడు. ఒక్కరూ వెనక్కి తీసుకోలేదు. రేణుక ఒక్కొక్క కాగితం మీద సాక్షి దగ్గర తన పేరు రాసింది. ఇప్పుడు ఆ సంతకాల్లో అబద్ధం లేదు. రాస్తుంటే బుధవారం కంటే చెయ్యి బరువుగా ఉంది.

శనివారం సాయంత్రం సంతకాలు చేసినవాళ్లంతా కిటికీ దగ్గరికి వచ్చి టోకెన్లు అప్పగించారు. సన్న మాత్రం, "పోయొస్త అక్కా," అన్నాడు. మంగు తన టోకెన్‌ను ప్యాంటుకు రుద్ది, రంగు మరక పోయాక ఇచ్చాడు.

సోమవారం కిటికీ ముందు వరుసే లేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి కావలసినవి తీసుకుపోయారు. గోడ నిండా పానాలు, సుత్తులు, గొలుసులు మేకులకు వేలాడుతున్నాయి. ఎనిమిదింటికే తుడవడానికి ఏమీ మిగల్లేదు. శ్రీరంగం షెడ్డులోకి వచ్చినవాడు కిటికీ దగ్గర ఆగి, ఆమె ముఖం చూడకుండా, పరికరాల గదిని కాంట్రాక్టుకు ఇచ్చే ఆలోచన ఉందని చెప్పాడు. "నీతో ఈ వారంలో మాట్లాడాలి," అని వెళ్లిపోయాడు.

అతను మెట్లెక్కి కనుమరుగయ్యాక, షెడ్డు మధ్యలో బెంచీ మీద కూర్చున్న మాడ లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. జేబులోంచి టోకెన్ తీసి గట్టు మీద పెట్టాడు.

"ఒక పానా ఇయ్యి చెల్లె."

"పని చెప్పిన్రా?"

"లేదు."

"మరి ఎందుకు?"

"ఉత్త చేతులతోని కూసుంటే చేతులెక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. ఏదైన సరే ఇయ్యి."

పని చీటీ లేనిదే ఏ పరికరమూ బయటికి పోకూడదు. రేణుక గోడ వైపు తిరిగి, పెద్ద పానాలూ చిన్న పానాలూ చూసి, మధ్యరకంది ఒకటి తీసింది. అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని ఇంకోసారి తుడిచి ఇచ్చింది. టోకెన్ మేకుకు తగిలించింది.

మాడ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం తిండి వేళకు ఆమె గేటు బయటికి పోయి రెండు చాయ్‌లు పోయించుకుంది. రామనర్సయ్య ఆ రోజు సగం పాలే కాచాడు. రెండో గ్లాసు ఎవరికని అడిగాడు. ఆమె చెప్పింది. అతను షెడ్డు వైపు ఒకసారి చూసి, గ్లాసు అంచు దాకా నింపాడు.

రేణుక షెడ్డు మధ్య దాకా నడిచి, బెంచీ మీద మాడ పక్కన కూర్చుంది. చక్రాల దగ్గర ఫోర్‌మన్ పని ఆపి చూశాడు. పైన ఆఫీసు కిటికీలో ఎవరో నిలబడ్డారు. ఆమె గ్లాసు అందించింది. మాడ తీసుకున్నాడు.

"మంగు ఉండలే మాడన్నా," అంది. "ఒక్కడన్న ఉంటడనుకున్న."

"ఉండడు. ఆని పిల్లలు చిన్నోళ్లు."

ఇద్దరూ కాసేపు తాగారు.

"నన్ను గూడ పిలుస్తరు ఈ వారం," అంది రేణుక.

"నీకు నీ మాటలో చెప్పేటోళ్లున్నరా?"

"శ్రీరంగం సారే చెప్తడు. ఆయనది నాది ఒక్కటే మాట గదా."

మాడ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు.

"అయితే ఇంకా జాగ్రత్తగ వినాలె," అన్నాడు.

అతను కాలు కదిపినప్పుడు బెంచీ కొంచెం ఊగింది. వంగి చూశాడు. బెంచీ కాలి దగ్గర నట్టు వదులుగా ఉంది. పానా పెట్టి చూస్తే సరిగ్గా పట్టింది. ఫోర్‌మన్ అక్కడినుంచి ఏదో అరిచాడు. మాడ తల ఎత్తలేదు. ఆ నట్టు బిగించి, మోకాళ్ల మీద రెండో కాలి దగ్గరికి జరిగాడు. అతనికి చెయ్యి ఆడేందుకు వీలుగా రేణుక తన చెప్పులు పక్కకు తీసుకుంది. బెంచీ మీంచి లేవలేదు.